తరిగొప్పుల ప్రాంతంలో జూదం: ఆట, చట్టం, వ్యసనం, సాయం

తరిగొప్పుల తెలంగాణలోని జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నర్మెట మండలం నుంచి విడివడి కొత్త మండలమైంది. పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడిందీ ఆ రోజే. పోలీసు వ్యవస్థలో ఇది వరంగల్ కమిషనరేట్ కిందికి వస్తుంది. పత్తి, వరి పండే ఊళ్లు. దేవాదుల ఎత్తిపోతల పథకం నీళ్లు రాకముందు జనగామ పేరు చెబితే కరువే గుర్తొచ్చేది.

ఈ భౌగోళిక వివరాలకు జూదంతో ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. నెలజీతం ఉన్నవాడి చేతికి పైసలు పన్నెండు సార్లు వస్తే, రైతు చేతికి ఏడాదిలో రెండు మూడు సార్లే వస్తాయి: పత్తి అమ్మినప్పుడు, వడ్ల పైసలు ఖాతాలో పడ్డప్పుడు, 2018లో ఎకరానికి నాలుగు వేలతో మొదలైన రైతుబంధు లాంటి పెట్టుబడి సాయం జమ అయినప్పుడు. వచ్చిన రోజు పెద్ద మొత్తంలా కనిపించే ఆ సొమ్ములో విత్తనాల బాకీ, ఎరువుల బాకీ, పిల్లల ఫీజు అన్నీ దాగి ఉంటాయి. జూదం ఆ రోజు కోసమే కాచుక్కూర్చుంటుంది. ఒకప్పుడు మామిడి తోటలో కూర్చునేది, ఇప్పుడు జేబులోని ఫోనులోనే కూర్చుంది.

పత్తాల నుంచి ఫోను దాకా

కోస్తావాళ్లు పేకాట అనే దాన్ని ఇక్కడి పల్లెల్లో పత్తాలాట అంటారు. దసరాకూ దీపావళికీ అల్లుళ్లు, బావమరదులు కలిసి చిల్లర పైసలతో ఆడుకోవడాన్ని ఎవరూ తప్పుగా చూడరు. పండుగ పోయాక కూడా ఆట ఆగకపోవడం దగ్గరే కథ మొదలవుతుంది. పైసలు పెట్టి ఆడేవాటిలో రమ్మీ, మూడు ముక్కలాట, లోన–బయట ముఖ్యమైనవి. లోన–బయట ఆడటానికి తెలివితేటలతో పనిలేదు. ఒక ముక్క తెరిచి పెడతారు. అదే అంకె ముక్క లోనవైపు పడుతుందా బయటవైపు పడుతుందా అన్నదే పందెం. నిమిషంలో తేలిపోతుంది, వెంటనే మరో పందెం. బాయి కాడి కొట్టంలోనో, చెరువు కట్ట వెనకో, గుట్ట పక్కనో తువ్వాల పరిచి ఆడుతుంటే, రోడ్డు మీద ఒక పిల్లగాడు జీపు వస్తుందేమోనని చూస్తుంటాడు. ఆట పెట్టించేవాడు ప్రతి పందెంలోంచీ తన వాటా తీసుకుంటాడు. సాయంత్రానికి ఎవడు గెలిచినా ఎవడు ఓడినా, ఖచ్చితంగా లాభంతో ఇంటికి పోయేది ఆయనే.

మట్కా బొంబాయి నుంచి వచ్చింది. న్యూయార్కు పత్తి మార్కెట్‌లో ధర ఎంత దగ్గర తెరుచుకుంటుంది, ఎంత దగ్గర మూసుకుంటుంది అన్నదాని మీద అక్కడ పందేలు కాసేవారు. ‘ఓపెన్’, ‘క్లోజ్’ అనే మాటలు ఆట పేర్లలో నిలిచిపోవడానికి కారణం అదే. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగాక, కుండలో చీటీలు వేసి తీసే పద్ధతి వచ్చింది. మట్కా అంటే కుండ. పత్తి పండించే జనగామ రైతు తన పత్తితో ఏ సంబంధమూ మిగలని పత్తి జూదం ఆడటం చరిత్ర చేసిన ఒక వింత హాస్యం.

క్రికెట్ పందేలు టీవీతో పాటు వచ్చి, 2008లో ఐపీఎల్ మొదలయ్యాక ఊరూరికీ చేరాయి. ఎవరు గెలుస్తారన్న ఒక్క పందెంతో ఆగకుండా, ఈ ఓవర్లో ఎన్ని పరుగులు, తర్వాతి బంతికి ఏమవుతుంది అనేదాకా పోయాయి. 2016 తర్వాత చవక డేటా, యూపీఐ రెండూ చేతికొచ్చాయి. అప్పటి నుంచి జూదానికి చోటూ వేళా మనిషీ అక్కర్లేకుండా పోయాయి. రంగు చెప్పు, విమానం ఎంత ఎత్తుకు పోతుందో చెప్పు అంటూ నిమిషం నిమిషానికీ తేలే ఆటలు వచ్చాయి. 2020 ఆగస్టులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఇలాంటి ఒక రంగుల ఆట ముఠాను పట్టుకున్నారు. దాని వెనక చైనా దేశస్థులున్నారనీ, లావాదేవీలు రూ.1,100 కోట్ల దాకా ఉన్నాయనీ అప్పుడే చెప్పారు.

జూదం మనకు కొత్త కాదనే మాట నిజమే. ఋగ్వేదం పదో మండలంలో జూదరి సూక్తం ఉంది. భార్య విసిగిపోవడం, తల్లి ఏడవడం, అప్పు భయంతో రాత్రివేళ ఒకరింటి చుట్టూ తిరగడం, రేపటి నుంచి ఆడనని ఒట్టేసుకుని పాచికల చప్పుడు వినగానే మళ్లీ పరుగెత్తడం అన్నీ అందులో ఉన్నాయి. భారతంలో ధర్మరాజు కథ, నలుడి కథ తెలియని తెలుగువాడు లేడు. పల్నాటి చరిత్రలో నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ జరిగిన కోడిపందెం మాచర్ల వాళ్లను ఏడేళ్లు ఊరు విడిచేలా చేసి, చివరికి కారంపూడి యుద్ధం దాకా తీసుకుపోయింది. ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట పేకాట చూసి నవ్వుకుంటాం. అయితే పాతకాలపు జూదానికి ఎదుట మరో మనిషి కావాలి, కూర్చోవడానికి చోటు కావాలి, పొద్దుగూకితే లేవాలి. ఆ మూడు అడ్డంకులూ ఇప్పుడు లేవు. అందుకే పాత సామెతలతో ఈ కొత్త జబ్బును కొలవలేం.

అంకెలు ఏం చెబుతాయి

మట్కాలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు. ఒక అంకె మీద రూపాయి పెట్టి గెలిస్తే మామూలుగా తొమ్మిది రూపాయలిస్తారు. పది అవకాశాల్లో ఒకటే నీది. కాబట్టి పెట్టిన ప్రతి వంద రూపాయల్లో సగటున తొంభై తిరిగొస్తుంది, పది నిర్వాహకుడి దగ్గర మిగులుతుంది. పదే కదా అనిపిస్తుంది. గెలిచిన పైసలు ఇంటికి పోతే నిజంగా పదే. కానీ అవి మళ్లీ ఆటలోకే పోతాయి. వెయ్యి రూపాయలను అలా ఏడుసార్లు తిప్పితే సగటున మిగిలేది 478 రూపాయలు. ఎవరూ మోసం చెయ్యకుండా, ఆట నిజాయితీగా నడిచినా ఇదే లెక్క. ఫోను ఆటల్లో ఆ నిజాయితీని తనిఖీ చేసే దారి కూడా ఆడేవాడికి లేదు.

పోయిన పైసలు రాబట్టడానికి ఆటగాళ్లు గట్టిగా నమ్మే ఉపాయం ఒకటుంది: ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చెయ్యడం. వంద పోతే రెండు వందలు, అదీ పోతే నాలుగు వందలు, ఎనిమిది వందలు. ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం కదా, గెలిచిననాడు అంతా వచ్చి పైన వంద మిగులుతుందని లెక్క. లెక్క తప్పు కాదు, జేబే చాలదు. వరుసగా పది ఓటములు వస్తే పదో పందెం 51,200 రూపాయలు, మొత్తం పోయింది 1,02,300. అది కూడా వంద రూపాయల లాభం కోసం. బొమ్మ–బొరుసు లాంటి సమానావకాశం ఉన్న ఆటలో పది వరుస ఓటములు సగటున 2,046 ఆటలకొకసారి ఎదురవుతాయి. పండుగ రోజుల్లో మాత్రమే పేకలు పంచుకుంటూ ఆడేవాడికి అన్ని ఆటలకు ఏళ్లు పడుతుంది. నిమిషానికొక ఆట చొప్పున రోజుకు మూడు గంటలు ఫోనులో ఆడేవాడికి పదకొండు పన్నెండు రోజులు చాలు.

ఇలాంటివాడి బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే వ్యాధి లక్షణం అక్కడే చదవొచ్చు. రాత్రి 11:52కు రెండు వందలు, 11:54కు నాలుగు వందలు, 11:55కు ఎనిమిది వందలు, 11:57కు పదహారు వందలు. తర్వాత ఒంటిగంట దాటాక ఐదు వేలు జమ, ఎవరో స్నేహితుడి పేరు మీద. మళ్లీ 1:12కు రెండు వందలతో మొదలు. ఆ వరసను ఒక్కసారి ఇంట్లోవాళ్లు చూశారంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

చట్టం

నిజాం కాలంలోనే, 1305 ఫసలీలో, హైదరాబాద్ జూద నిరోధక చట్టం ఉండేది. ఆ చట్టం కింద నడిచిన ఒక కేసు దేశమంతటా ఆన్‌లైన్ రమ్మీకి పునాది అవుతుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు. 1963 మేలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం – కె. సత్యనారాయణ కేసుగా అది సుప్రీంకోర్టుకు చేరింది. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదాయతుల్లా ఇచ్చిన తీర్పు రెండు మాటలు చెప్పింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద ఆధారపడదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకుని ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకునే నేర్పు అందులో ప్రధానం. అయితే ఆట పెట్టించేవాడు దాని మీద లాభం తీస్తున్నాడని తేలితే నేరం కావచ్చు. కంపెనీలు మొదటి మాటను పట్టుకుని యాభై ఏళ్ల తర్వాత వ్యాపారం చేశాయి, రెండో మాటను ఎవరూ ప్రకటనల్లో చెప్పలేదు.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక అదే తెలంగాణ గేమింగ్ చట్టమైంది. పత్తాల మీద దాడులు జరిగినప్పుడు పత్రికల్లో కనిపించే మూడు, నాలుగు సెక్షన్లు దీనివే: మూడో సెక్షన్ జూదగృహం నడిపేవాడికి, నాలుగోది అక్కడ దొరికినవాడికి. నేర్పుతో ఆడే ఆటలకు పదిహేనో సెక్షన్ మినహాయింపు ఇచ్చేది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత దాన్నే సవరణ చట్టంగా చేసి, పైసలు పెట్టి ఆడే రమ్మీకి ఆ మినహాయింపు తీసేసింది, ఆన్‌లైన్ ఆటలనూ చట్టం పరిధిలోకి తెచ్చింది. ఈ దారిలో ముందు నడిచిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. ఫలితం పూర్తిగా రాలేదు. కంపెనీలు ఫోను ఉన్న చోటును బట్టి ఆట ఆపేవి, కుర్రాళ్లు ఆ చోటును అబద్ధంగా చూపించే యాప్‌లు దించుకున్నారు. విదేశాల నుంచి నడిచే యాప్‌లకు ఆ పట్టింపు కూడా లేదు.

2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన నటులు, యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో కేసులు నమోదయ్యాయి. అప్పటి ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ సామాజిక మాధ్యమాల్లో నడిపిన ప్రచారం దానికి ఊపునిచ్చింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, 22న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నేర్పా అదృష్టమా అనే పాత తగాదాను పక్కనపెట్టి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమంది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చేవారికి రెండేళ్లు, యాభై లక్షలు. రోజుల్లోనే పెద్ద కంపెనీలు పైసల ఆటలు ఆపేశాయి, భారత క్రికెట్ జట్టు చొక్కా మీద ఉన్న అలాంటి కంపెనీ పేరు సైతం పోయింది. చట్టాన్ని కంపెనీలు కోర్టుల్లో సవాలు చేశాయి.

సాయం కోరేవాళ్లకు ఇందులో ముఖ్యమైన మాట ఒకటే: ఈ కేంద్ర చట్టం ఆడినవాడిని శిక్షించదు, బాధితుడిగా చూస్తుంది. ‘డాక్టరుకు చెబితే పోలీసులకు తెలుస్తుందేమో’ అన్న భయంతో యాప్‌లకు చిక్కినవాళ్లు ఎవరూ ఆగనక్కర్లేదు. తన బ్యాంకు ఖాతాను కమీషన్‌కు ఆశపడి బెట్టింగ్ ముఠాకు అప్పజెప్పినవాడి సంగతి మాత్రం వేరు. వాడి పేరు మీద లక్షలు అటూ ఇటూ పోతాయి, కేసు వాడి ఇంటికే వస్తుంది.

‘బాధ్యతగా ఆడండి’

ప్రకటన చివర వేగంగా చదివేసే ఈ వాక్యం జూదం చట్టబద్ధమైన దేశాల్లో పుట్టింది. అక్కడ దాని వెనక కొన్ని యంత్రాంగాలున్నాయి. బ్రిటన్‌లో గామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ ఆ మనిషిని రానివ్వకూడదు. స్వీడన్ 2019 నుంచి, ఆస్ట్రేలియా 2023 నుంచి అలాంటి పట్టికలే నడుపుతున్నాయి. సింగపూర్‌లో మనిషి తనంతట తానే కాసినోకు దూరంగా ఉంచమని అడగవచ్చు, కుటుంబం కూడా అడగవచ్చు.

తరిగొప్పులలో ఆ వాక్యానికి అర్థం లేదు. లైసెన్సే లేని యాప్‌ను ‘నన్ను రానివ్వకు’ అని ఎవరు అడగాలి? అడిగినా అది మరో పేరుతో మరో లింకు పంపుతుంది. ఇక్కడ హద్దు పెట్టాల్సింది ఆటవైపు కాదు, పైసలవైపు. యూపీఐ రోజువారీ పరిమితిని బ్యాంకు యాప్‌లో తగ్గించుకోవచ్చు. పంట పైసలు పడే ఖాతాకు యూపీఐ లేకుండా చేసి, రోజువారీ ఖర్చుకు వేరే చిన్న ఖాతా పెట్టుకోవచ్చు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు, పట్టాదారు పాస్‌బుక్కు ఇంట్లో మరొకరి దగ్గర ఉంచవచ్చు. పండుగకు సరదాగా ఆడేవాడికి కూడా పాతకాలపు పద్ధతి ఒకటి పనికొస్తుంది: పోయినా బాధలేని మొత్తం ముందే పక్కన పెట్టుకోవడం, అప్పు పైసలతో కూర్చోకపోవడం, తాగి ఆడకపోవడం, పోయింది రాబట్టాలని అక్కడే కూర్చుండిపోకపోవడం. ఈ నాలుగింటిలో చివరిది తప్పినవాడు మిగతా మూడూ తప్పుతాడు.

అలవాటు జబ్బు ఎప్పుడవుతుంది

అమెరికా మనోవైద్య సంఘం 1980లోనే జూద వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. 2013లో దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కకు మార్చింది. మెదడులో జరిగే మార్పు, మానేస్తే వచ్చే చిరాకు, మళ్లీ పడిపోయే తీరు ఒకలాంటివే అని తేలడం దీనికి కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలోనూ ఇది ఉంది. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ ప్రపంచంలో సుమారు 8 కోట్ల మంది పెద్దలు దీనితో బాధపడుతున్నారని అంచనా వేసింది.

డాక్టరు తొమ్మిది విషయాలు అడుగుతాడు. అదే ఉత్సాహం కోసం పందెం పెంచుకుంటూ పోతున్నావా? తగ్గిస్తే అసహనమా? మానాలని చూసి మానలేకపోయావా? పొద్దస్తమానం అదే ధ్యాసా? మనసు బాగాలేనప్పుడు ఆటవైపు పోతున్నావా? పోయింది రాబట్టడానికి మర్నాడు మళ్లీ పోతున్నావా? ఎంత ఆడావో దాస్తున్నావా? దానివల్ల చదువో కొలువో కాపురమో ప్రమాదంలో పడిందా? అప్పులు తీర్చమని ఇతరుల మీద పడుతున్నావా? ఏడాదిలో నాలుగు ఉంటే జబ్బు అంటారు. ఇంట్లోవాళ్లకు అంత పట్టిక అక్కర్లేదు. 1997 నుంచి వైద్యులు వాడుతున్న రెండు ప్రశ్నలు చాలు: పందెం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడావో దగ్గరివాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరుతో మాట్లాడటం మంచిది.

పల్లెలో బయటికి కనిపించే గుర్తులు వేరు. బండి కనిపించకుండా పోతుంది, ‘దోస్తుకిచ్చిన’ అంటాడు. భార్య పుస్తెలు గిర్వి దుకాణానికి పోతాయి. చీటీ తొందరగా ఎత్తుతాడు. గిరిగిరి వడ్డీ వ్యాపారులు పొద్దున్నే వాకిట్లో నిలబడతారు. ఫోను స్నానాలకు పోయేటప్పుడు కూడా చేతిలోనే ఉంటుంది. ఒక అరుదైన సంగతీ చెప్పాలి. వణుకుడు రోగానికి వాడే కొన్ని మాత్రలు, డోపమైన్ తీరుగా పనిచేసేవి, కొందరిలో ఉన్నట్టుండి జూదపు యావ పుట్టిస్తాయి. అరవై దాటిన పెద్దమనిషి ఎన్నడూ లేనిది లాటరీల వెంట పడితే ముందు మందుల చీటీ డాక్టరుకు చూపాలి.

అప్పు

జూదం వ్యసనంలో శరీరం మీద గాటు కనబడదు. గాటు అప్పు మీద కనబడుతుంది. అందుకే వైద్యం ఎంత ముఖ్యమో లెక్క తేల్చడం అంత ముఖ్యం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. ‘నువ్వు నాకు పందెంలో లక్ష ఓడావు’ అంటూ ఎవరూ కోర్టులో దావా వెయ్యలేరు. బుకీలు కోర్టుకు పోకుండా మనుషుల్ని ఇంటికి పంపేది ఇందుకే. బెదిరింపులు వస్తే అది పోలీసు కేసు, బాకీ తగాదా కాదు. అయితే ఆటకోసమని మరొకరి దగ్గర చేతిబదులు తీసుకుని ప్రామిసరీ నోటు రాసిస్తే సంగతి అంత తేలిక కాదు, న్యాయవాదిని అడగాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దానికే ఉంది, ఫోను నంబరు 15100. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఎస్సీ, ఎస్టీలకు అదే తీరున ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని చట్టం. భర్త చేసిన జూదం అప్పుకు భార్యను నిలదీస్తున్న ఇళ్లు ఈ నంబరు గుర్తుపెట్టుకోవాలి. ‘గెలిచిన పైసలు తీసుకోవాలంటే ముందు టాక్సు కట్టు’ అని యాప్ అడిగితే అది జూదం కూడా కాదు, సైబర్ మోసం. ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చెయ్యాలి. గంటలు గడిచేకొద్దీ పైసలు ఖాతాలు మారిపోతాయి.

అన్నింటికన్నా కష్టమైన పని అప్పంతా ఒకేసారి చెప్పించడం. ఆడేవాడు అడిగినప్పుడు సగమే చెబుతాడు. ఆ సగాన్ని తల్లిదండ్రులు అర ఎకరం అమ్మి తీరుస్తారు. దాచిన సగం మిత్తితో పెరిగి, దాన్ని తీర్చడానికని మళ్లీ ఆటకు పోతాడు. భూమి అమ్మి అప్పు తీర్చడం వ్యసనానికి మందు కాదు, చాలాసార్లు అది కొత్త పెట్టుబడి అవుతుంది. ఒక తెల్ల కాగితం మీద ఎవరికి ఎంత, ఎంత మిత్తి, ఎప్పటిది అని తన చేత్తో రాయించి, రెండు మూడు రోజులు గడువిచ్చి ‘మర్చిపోయినవి ఇంకా ఉంటే చేర్చు’ అని అడగాలి. తీర్చేటప్పుడు పైసలు వాడి చేతికివ్వకుండా బాకీవాళ్లకే ఇచ్చి రశీదు తీసుకోవాలి. మిత్తి ఎక్కువున్నవి ముందు.

వైద్యం, సాయం

జూద వ్యసనానికని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర లేదు. మద్యం మానిపించడానికి వాడే నాల్‌ట్రెక్సోన్‌ను కొందరికి ఇస్తారు. దిగులు, నిద్రలేమి, తాగుడు వెంట ఉంటే వాటికి మందులిస్తారు, అవి తగ్గితే ఆట యావ కూడా కొంత తగ్గుతుంది. అసలు వైద్యం మాటలతోనే. ‘ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఈసారి వస్తుంది’ లాంటి నమ్మకాలను పట్టుకుని విప్పడం, ఏ వేళ ఏ చోట యావ పుడుతుందో రాయించడం, ఆ అరగంటను ఎలా దాటాలో సాధన చేయించడం. కొన్ని వారాలు క్రమంగా పోవాలి. మధ్యలో ఒకసారి మళ్లీ ఆడటం చాలామందికి జరుగుతుంది. అంతమాత్రాన వైద్యం పనిచెయ్యలేదని కాదు.

తరిగొప్పుల నుంచి దగ్గరి పెద్ద ఆస్పత్రి జనగామలోనే ఉంది. 2023 సెప్టెంబరులో జనగామకూ భూపాలపల్లికీ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, మహబూబాబాద్‌కు అంతకుముందు ఏడాదే వచ్చింది. వాటి అనుబంధ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఎక్కడుందో అడగాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలోనూ వైద్యులున్నారు. ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వే రోజులు ఇంకా పోలేదు. ఆ నవ్వుకు భయపడి ఆగినవాళ్లు ఎక్కువ నష్టపోయారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వ్యసనాలకు ‘షట్’ అనే ప్రత్యేక క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ పద్ధతిలో, మానేసినవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే బృందాలు మన దేశంలోనూ కొన్ని నగరాల్లో ఉన్నాయి. ప్రవాస తెలుగువారిలో బ్రిటన్‌లో ఉన్నవారికి 0808 8020 133, ఆస్ట్రేలియాలో 1800 858 858 జూద సహాయ నంబర్లు.

ఇంట్లోవాళ్లు చేసే పొరపాట్లు రెండు. ఒకటి నలుగురిలో తిట్టడం. సిగ్గు పెరిగితే మనిషి మానడు, దాస్తాడు. రెండోది ఒట్టు వేయించి వదిలేయడం. దేవుడి ముందు వేసిన ఒట్టు నిజాయితీగానే వేస్తాడు, కానీ ఫోను, పైసలు, అప్పు మూడూ అలాగే ఉంటే ఆ ఒట్టు వారం నిలవదు. వాడు ‘నేను లేకపోతే మీ బాధలు తీరుతాయి’ లాంటి మాట అంటే దాన్ని బెదిరింపుగా కొట్టిపారెయ్యకూడదు. అప్పులు బయటపడ్డ మొదటి రోజులే ప్రమాదకరమైనవి. ఆ రోజుల్లో ఒంటరిగా వదలకుండా ఒకరు పక్కన ఉండాలి. అప్పు సంగతి పొద్దున మాట్లాడుకోవచ్చు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416. పైసలు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. జూదం ఆడేవాళ్లే చెయ్యాలని లేదు, తల్లి చెయ్యొచ్చు, భార్య చెయ్యొచ్చు, అన్న చెయ్యొచ్చు.